డాలర్ పెరిగే దాకా ఆగాలా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీలో నేను భాగస్వామిని. గల్ఫ్‌కు పంపిన సరుకు తాలూకు లక్ష డాలర్లు త్వరలో రానున్నాయి. రూపాయి ఇంకా పడుతుందంటున్నారు కనుక వాటిని మార్చకుండా ఆగమంటారా? రూపాయి తగ్గితే మన జిల్లా గుజ్జు వ్యాపారం తేరుకుంటుందా?

సమాధానం: ఆగవద్దండి. డాలర్లను బ్యాంకులో ఈఈఎఫ్‌సీ ఖాతాలో (ఎగుమతిదారులు విదేశీ సొమ్మును అలాగే ఉంచుకునే ఖాతా) ఉంచుకోవచ్చు గాని, దానిపై వడ్డీ రాదు. పైగా ఒక నెలలో జమ అయిన సొమ్మును, వ్యాపార చెల్లింపులకు పోను, మరుసటి నెలాఖరులోగా రూపాయల్లోకి మార్చవలసిందే. ఈలోగా మీ క్యాష్ క్రెడిట్ (వ్యాపార ఖర్చులకు బ్యాంకు ఇచ్చే అప్పు) మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. లక్ష డాలర్లకు 80 లక్షల రూపాయలే వస్తాయనుకున్నా, 10 శాతం చొప్పున ఆ వడ్డీ నెలకు దాదాపు 66 వేలు. అంటే ఆగినందుకు నష్టపోకుండా ఉండాలన్నా డాలర్ నెలకు 66 పైసలు పెరగాలి. అంతకు మించి పెరిగిన రోజులూ ఉన్నాయి. 2013 మే మొదట్లో 54 రూపాయల దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది, కానీ అక్టోబరుకల్లా 62 దగ్గరకు దిగివచ్చింది. ఆ శిఖరం కోసం కాచుకున్నవారిలో దాన్ని అందుకున్నవారు తక్కువే.

ఇకపై పంపే సరుకుకు ఫార్వర్డ్ కాంట్రాక్టు తీసుకోండి, అంటే రాబోయే డాలర్లను ఫలానా తేదీన ఫలానా ధరకు అమ్ముతామని బ్యాంకుతో ముందే ఒప్పందం చేసుకోండి. మన వడ్డీ రేట్లు అమెరికా రేట్లకన్నా ఎక్కువగా ఉన్నంతకాలం ఆ ధర నేటి ధరకన్నా కొంత ఎక్కువే ఉంటుంది. అయితే కొనుగోలుదారు చెల్లింపు ఆలస్యమైనా బ్యాంకుకు మీరిచ్చిన మాట అలాగే ఉంటుంది కనుక, రైతులకూ బ్యాంకుకూ తప్పక కట్టవలసినంత మేరకే చేసుకోండి.

జిల్లా విషయానికి వస్తే, రూపాయి పతనం ఒక్కటే ఈ వ్యాపారాన్ని నిలబెట్టలేదని నా గట్టి అభిప్రాయం. 2025 జూన్‌లో డాలర్ 85 రూపాయల పైనే ఉన్నా, పాత గుజ్జు నిల్వలు కదలక, గుజ్జుకు వాడే తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. రైతుకు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించవలసి వచ్చింది. పైగా డాలర్‌కు 3.75 సౌదీ రియాల్, 3.6725 దిర్హమ్ అన్న విలువలు స్థిరంగా ఉంటాయి గనుక గల్ఫ్ వ్యాపారి చూసేది రూపాయినే. అది తగ్గగానే ధర తగ్గించమంటాడు. ఓడ కిరాయి కూడా డాలర్లలోనే కట్టాలి. యూరోల్లో బిల్లు వేసేవారి పరిస్థితి మరీ భిన్నం: 2022 మొదటి తొమ్మిది నెలల్లో డాలర్ ముందు రూపాయి పడినా యూరో అంతకన్నా ఎక్కువగా పడడంతో, వారికి చేతికందే రూపాయలు తగ్గాయి.

కాబట్టి జూన్‌లో కాయ కోతకు రాకముందే మీ బ్యాంకులో విదేశీ కరెన్సీ ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపకముందు ఎగుమతిదారుకు డాలర్లలో ఇచ్చే అప్పు) గురించి అడగండి. అప్పూ రాబడీ రెండూ డాలర్లలోనే ఉంటే, ఆ అప్పు మేరకు మారకపు రేటు ఎటు పోయినా మీ లెక్క తప్పదు.