అమ్మలూ, కంప్యూటర్‌తో అష్టాచెమ్మా ఆడే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, ఈ కంప్యూటర్ మోసం చేస్తోంది, అష్టాలన్నీ దానికే పడుతున్నాయి, వరసగా ఎనిమిది ఆటలు ఓడిపోయాను" అన్నావు. అప్పుడు స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రాత్రి కూర్చుని ఆలోచించాను. మీ అమ్మ మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది కదా, బెంగళూరు నుంచి రోజూ దాంతో ఈ ఆట ఆడాలని నువ్వు అనుకోవడం నాకు చాలా నచ్చింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను, అంతకంటే ఎక్కువ ఏళ్ళు నేల మీద ఈ ఆట ఆడాను, ఈ మూడేళ్ళ నుంచి కంప్యూటర్లోనూ ఆడుతున్నాను. అందుకని ఈ విషయంలో నా మాట విను.

ముందు ఆ మోసం సంగతి చూద్దాం. అది మోసం చేస్తోందో లేదో నీకు అనిపించేదాన్ని బట్టి తేల్చకు, లెక్కపెట్టి తేల్చు. ఒక కాగితం తీసుకుని ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా అని అయిదు గళ్ళు గీసుకో, వంద పందేలు వెయ్యి (గవ్వలు ఒకసారి వేస్తే ఒక పందెం), పడ్డదాని కింద ఒక్కో గీత పెట్టుకుంటూ పో. ఇరవై నిమిషాల పని. నాలుగు గవ్వలు, ఒక్కోటి వెల్లకిలా పడటానికి బోర్లా పడటానికి సమానంగా అవకాశం ఉందనుకుంటే, మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు. అందులో ఒక్క రకం మాత్రమే నాలుగూ బోర్లా, అంటే అష్టా, ఎనిమిది. ఒక్క రకం నాలుగూ వెల్లకిలా, అంటే చెమ్మా, నాలుగు. మిగతావాటిలో ఎన్ని వెల్లకిలా పడితే అదే అంకె, ఒకటి పడేది నాలుగు రకాలుగా, మూడు పడేది నాలుగు రకాలుగా, రెండు పడేది ఆరు రకాలుగా. అంటే వంద పందేల్లో అష్టా ఆరేడుసార్లు, చెమ్మా ఆరేడుసార్లు, ఒకట్లు పాతిక, మూళ్ళు పాతిక, రెండ్లు ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో రావాలి. అటూ ఇటూ కొంచెం తేడా ఉంటుంది, దానికి కంగారుపడకు.

నేను మొదట ఆడిన ఆటలో ఈ లెక్క వేస్తే వందలో అష్టా పంతొమ్మిదిసార్లు పడింది, చెమ్మా ఇరవై రెండుసార్లు! నోట్‌బుక్‌లో ఆ గీతలు చూసి రెండోసారి కూడా వేశాను, మళ్ళీ అంతే. అప్పుడు అర్థమైంది, ఆ ఆట రాసినవాళ్ళు గవ్వల్ని లెక్కలోకి తీసుకోలేదు, ఒకటి రెండు మూడు నాలుగు ఎనిమిది అనే అయిదు అంకెల్లోంచి ఏదో ఒకటి సమానంగా తీసి ఇచ్చేస్తున్నారు. అది మోసం కాదు, నీకూ దానికీ ఒకేలా పడుతుంది. కానీ అది మన అష్టాచెమ్మా కాదు. అరుదుగా పడాల్సిన అష్టా అయిదు పందేలకొకసారి పడుతుంటే ఆట అంతా పరుగే, ఆలోచన ఉండదు. అలాంటిదైతే తీసేసి ఇంకోటి వెతుక్కో. మీ ఆఫీసులో కన్నడవాళ్ళని అడుగు, వాళ్ళు దీన్నే చౌకాబారా అంటారు, ఆ పేరుతో వెతికితే ఇంకొన్ని దొరుకుతాయి. తమిళంలో తాయం అని ఉంటుంది, అదీ ఈ కుటుంబంలోదే.

లెక్క సరిగ్గా వచ్చినా నీకు మోసంలాగే అనిపిస్తుంది, దానికీ కారణం ఉంది. నిజమైన గవ్వల లెక్కలో పది పందేలు వేస్తే అష్టా గానీ చెమ్మా గానీ ఒక్కటీ పడకపోవడం నాలుగింట ఒకసారి జరిగేదే. నీకు పడని ఆ పదీ గుర్తుంటాయి, దానికి పడ్డ ఒక్కటీ గుర్తుంటుంది. టెన్షన్ పడి తొందరగా పందెం వేస్తే ఏమీ మారదు.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, గవ్వలు వేసే తీరు నువ్వు చూడలేదు. నాలుగు గవ్వలూ కుడి అరచేతిలో పోసుకుని వేళ్ళు సగం ముడిచి రెండుసార్లు మాత్రమే కదిపేది, ఆ తర్వాత చెయ్యి నేలకి జానెడు ఎత్తులోకి తెచ్చి జారవిడిచేది, విసిరేది కాదు. గచ్చు మీద గవ్వలు టకటకమని ఆగిపోయేవి, దొర్లేవి కావు. కావలసినప్పుడు రెండు పడేది. వీధరుగు మీద సుద్దతో గీసిన పటం చెరిగిపోతుందని నాన్న చేత అక్కడ శాశ్వతంగా గీతలు చెక్కించింది. (హంపి వెళ్ళినప్పుడు రాతి అరుగుల మీద చెక్కిన పటాలు చూసి నేను అక్కడే నిలబడిపోయాను.) ఆ చేతివాటం కంప్యూటర్లో లేదు. బటన్ ఎంత గట్టిగా నొక్కినా ఎంత మెల్లగా నొక్కినా ఒకటే. అంటే నీ చేతిలో మిగిలింది ఒక్కటే, ఏ కాయ కదపాలా అన్నది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

కాబట్టి ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి, కాయ దానంతటదే కదిలే ఆప్షన్ ఉంటే ఆపెయ్యి. తర్వాత ఆ ఆటలో ఇంటి నియమాలు ఏవి పెట్టారో చూడు. మనింట్లో కాయలన్నీ మొదటి నుంచీ ఇంట్లోనే ఉంటాయి, కొందరిళ్ళలో అష్టానో చెమ్మానో పడితేనే కాయ దిగుతుంది. మనకి ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపకుండా, అంటే అదున్న గడిలోకే మన కాయ వెళ్ళి దాన్ని మొదటికి పంపకుండా, లోపలి వరసలోకి వెళ్ళడానికి లేదు. వరసగా మూడుసార్లు పెద్ద పందెం, అంటే అష్టా గానీ చెమ్మా గానీ, పడితే అవన్నీ పోతాయి కొందరికి, కొందరికి పోవు. ఒకే గడిలో రెండు కాయలుంటే జంట అని, దాన్ని ఒంటి కాయ చంపలేదని కొందరు ఆడతారు. ఇవి తెలియకుండా ఎనిమిది ఆటలు ఆడావంటే ఓడిపోవడంలో వింత లేదు తల్లీ.

ఇప్పుడు అసలు ఆట. పటాన్ని ఒకసారి గడి గడిగా చూడు. అయిదు అడ్డం, అయిదు నిలువు. బయటి వరసలో పదహారు గళ్ళు, లోపలి వరసలో ఎనిమిది, మధ్యలో ఒకటి. నీ ఇంటి నుంచి బయలుదేరి బయటి వరస చుట్టి, లోపలికి తిరిగి, లోపలి వరస ఎదురు దిక్కున చుట్టి మధ్యకి చేరడానికి ఇరవై నాలుగు అడుగులు. నాలుగు కాయలకి తొంభై ఆరు. పందేనికి సగటున రెండున్నర పడుతుంది. అంటే దాదాపు నలభై పందేల ఆట అది, మధ్యలో ఒక్క కాయ చచ్చినా ఆ అడుగులన్నీ మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి.

బయటి వరసలో ఇంటూ గుర్తు ఉన్న ఇళ్ళు నాలుగు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య సరిగ్గా నాలుగు అడుగులు. ఇది నీ మనసులో ముద్రపడిపోవాలి. ఇంట్లో ఉన్న కాయని ఎవరూ చంపలేరు, రెండు ఇళ్ళ మధ్యలో ఉన్న మూడు గళ్ళలోనే ప్రమాదం. ఆ ప్రమాదం కూడా అన్ని గళ్ళలో ఒకేలా ఉండదు. నీ వెనక రెండడుగుల దూరంలో శత్రువు కాయ ఉంటే పదహారులో ఆరు వంతులు నువ్వు చస్తావు. ఒకటి గానీ మూడు గానీ దూరంలో ఉంటే పదహారులో నాలుగు వంతులు. నాలుగడుగుల దూరంలో ఉంటే చెమ్మా పడితేనే, పదహారులో ఒక్క వంతు. అయిదు, ఆరు, ఏడు దూరంలో ఉంటే చెమ్మా పడి, దానివల్ల వచ్చే ఇంకో పందెం కూడా సరైనది పడాలి, దాదాపు నిశ్చింత. కాబట్టి కాయ కదిపే ముందు ముందుకి చూడటం కాదు, వెనక్కి లెక్కపెట్టు. శత్రువు వెనకింట్లో కూర్చుని ఉన్నాడు, నీకు రెండు పడింది అనుకో, ఆ కాయని కాకుండా వేరే కాయ కదపడానికి వీలుందేమో చూడు.

ఇంకో లెక్క కూడా కలుపుకోవాలి. చస్తే పోయేది ఎంత? పద్నాలుగు అడుగులు నడిచొచ్చిన కాయ రెండు దూరంలో శత్రువుకి దొరికితే, పద్నాలుగుని పదహారులో ఆరు వంతులు చెయ్యి, సగటున అయిదు అడుగుల నష్టం. ఇప్పుడే ఇల్లు దిగి రెండడుగులు వేసిన కాయ అదే ప్రమాదంలో ఉంటే నష్టం ఒక్క అడుగు కూడా లేదు. ఏదో ఒక కాయని బయట పెట్టక తప్పదన్నప్పుడు చిన్న కాయని పెట్టు, ముసలి కాయని ఇంట్లో దాచు. నువ్వు ముందున్న కాయనే పరిగెత్తిస్తావని నాకు తెలుసు, చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాతో ఆడినప్పుడూ అంతే.

చంపడం ఎలా అన్నావు. వెంటపడి చంపలేవు, కాపు కాసి చంపాలి. అన్నిటికంటే మంచి చోటు ఎదుటివాడి ఇల్లు. అక్కడికి చేరిన నీ కాయకి ప్రమాదం లేదు, వాడు దింపే ప్రతి కాయా నీ ముందు నుంచే, ఒకటి రెండు మూడు దూరాల్లోనే పోవాలి. ఒక కాయని అక్కడ పెట్టి, మిగతా కాయలతో పందేలు ఖర్చుపెట్టుకుంటూ ఓపిగ్గా ఉండు. నేను ఆడే ఆటలో కంప్యూటర్ చంపడానికి వీలుంటే చంపుతుంది, లేకపోతే అందరికంటే ముందున్న కాయనే తోస్తుంది, ఇంకేమీ ఆలోచించదు. అలాంటిదాని ఇంట్లో కూర్చుంటే రెండో కాయో మూడో కాయో నీకు తప్పకుండా దొరుకుతుంది. నీ దాంట్లో అది ఎలా ఆడుతోందో రెండు ఆటలు గెలుపు సంగతి మర్చిపోయి గమనించు. ఒకటి మాత్రం జాగ్రత్త, అది ఇంకా ఒక్క కాయ కూడా చంపి ఉండకపోతే, నీ కాయని, ఎంత చిన్నదైనా సరే, దానికి దొరకనివ్వకు. ఆ ఒక్క చావుతో లోపలికి వెళ్ళే తాళంచెవి చేతికిచ్చినట్టే.

లోపలి వరసలో ఇళ్ళు లేవని మర్చిపోతారు చాలామంది. చంపాం కదా, లోపలికి వచ్చేశాం కదా అని ఊపిరి పీల్చుకుంటారు, అక్కడే చస్తారు. శత్రువు కూడా లోపలున్నప్పుడు రెండు కాయల్ని ఒకేసారి లోపల తిప్పకు. ఒకటి మధ్యకి చేరి పండాక రెండోదాన్ని తీసుకెళ్ళు.

పండించే దగ్గర ఒక విచిత్రం ఉంది. సరిగ్గా సరిపోయే పందెం పడాలి కదా, మధ్యకి ఒక్క అడుగు దూరంలో ఉంటే అయిపోయిందనుకుంటాం. కానీ ఒకటి పడటానికి సగటున నాలుగు పందేలు కావాలి. రెండడుగుల దూరం నుంచైతే మూడు పందేల కంటే కాస్త ఎక్కువ, అంతే. దూరంగా ఉన్న కాయే ముందు పండుతుంది! అందుకని వేరే కాయ కదిపే వీలుంటే, రెండులో ఉన్నదాన్ని ఒకటిలోకి జరపకు. క్లాసులో సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే చెప్పేదాన్ని, పిల్లలు నమ్మక ఇంటికెళ్ళి గవ్వలతో వేసి చూసుకుని వచ్చేవారు.

లూడో ఉంది కదా అదెందుకు ఆడకూడదు అని కూడా అడిగావు. ఆడొచ్చు, తప్పేమీ లేదు, మన పాత గవ్వల ఆట పచ్చీసునే ఇంగ్లాండు వాళ్ళు కుదించి, గవ్వలు తీసేసి పాచిక పెట్టి 1896లో పేటెంటు తీసుకున్నారు, అదే తిరిగి మన ఫోన్లలోకి వచ్చింది. కానీ పాచికలో ఆరు ముఖాలూ సమానం, ఇందాక చెప్పిన దూరాల లెక్క అందులో ఉండదు. మీ అమ్మకి తెలిసింది గవ్వల లెక్క. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్న లెక్క అది, మంచం మీద ఉన్న మనిషికి కొత్తది నేర్పడం కంటే వచ్చినదాన్ని గుర్తుచేయడం మంచిది.

డబ్బు పెట్టి ఆడమనేది ఏదైనా కనిపిస్తే దాని జోలికి వెళ్ళకు. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ పందేల మీద నిషేధం తెచ్చారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మన వీధిలోనే ఒక కుర్రాడు ఫోన్లో ఇలా ఆడి తల్లి గాజులు తాకట్టు పెట్టేదాకా వెళ్ళాడు, ఆ తల్లి వచ్చి నా దగ్గర కూర్చుని ఏడ్చింది, అది నేను మర్చిపోలేను. కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగే ఆటలు కూడా వద్దు. గవ్వలు వెయ్యడానికి నీ ఫోన్ నంబర్ల జాబితా ఎందుకు దానికి?

మీ అమ్మతో ఆడటానికి కంప్యూటర్‌ని ప్రత్యర్థిగా పెట్టకు. ఇద్దరు మనుషులు ఒకే స్క్రీన్ మీద ఆడే పద్ధతి ఉంటుంది, అది ఎంచుకుని వీడియో కాల్‌లో నీ స్క్రీన్ మీ అమ్మకి చూపించు. దాని పందెం నువ్వు వెయ్యి, ఏ కాయ కదపాలో మాత్రం అది చెప్పాలి. దానికి తొందర పెట్టకు, నీకు మంచి ఎత్తు కనిపించినా నోరు విప్పకు. రంగులు ఎరుపు, ఆకుపచ్చ కాకుండా పసుపు, నీలం పెట్టు, దాని కంటికి అవే తేలిగ్గా తెలుస్తాయి. కదలికల వేగం బాగా తగ్గించు, కాయ గడి గడికీ ఆగుతూ వెళ్ళాలి, అప్పుడే అది వేలితో లెక్కపెట్టుకోగలదు. ఇంకో మాట, నీ దగ్గర గవ్వలుంటే నిజం గవ్వలే వేసి, పడ్డ అంకెని చేత్తో నొక్కే వీలున్న ఆటలు కూడా ఉన్నాయేమో చూడు. దొరక్కపోతే కాగితం మీద పటం గీసి కెమెరా కింద పెట్టినా సరిపోతుంది. అమ్మమ్మ గవ్వలు నా బీరువాలో ఉన్నాయి, నాలుగూ పసుపు గుడ్డలో కట్టి ఉంచాను, ఈ వారం మీ మావయ్య బెంగళూరు వస్తున్నాడు, పంపిస్తాను.

ముందు ఆ వంద పందేల కాగితం ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను ఉంచాలో తీసెయ్యాలో. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేనూ కాల్‌లోకి వస్తాను. ముగ్గురం ఆడదాం, మీ అమ్మ ఎదురిల్లు నాకు ఉంచు.

ప్రేమతో,
పెద్దమ్మ