ప్రశ్న – జవాబు: స్తానిస్వాఫ్ లెమ్

ప్రశ్న: పోలండ్ రచయిత స్తానిస్వాఫ్ లెమ్ రాసిన ‘సొలారిస్’ నవలను సినిమా చూసిన తరువాత చదివాను. తెరమీద చూసిన ప్రేమకథ నవలలో పక్కకు తప్పుకొని, సొలారిస్ అనే గ్రహం గురించిన శాస్త్ర చర్చలే పేజీలకు పేజీలు సాగాయి. ఆ సినిమా లెమ్‌కు నచ్చలేదంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. 1972లో తర్కోవ్‌స్కీ తీసిన సినిమా విషయంలో దర్శకుడికీ రచయితకూ మొదటి నుంచీ పొసగలేదు. 2002లో హాలీవుడ్ తీసిన సినిమా గురించి కూడా, తన నవల అంతరిక్షంలో జరిగే ప్రేమకథ కాదని ఆయన ఎత్తిపొడిచారు. మీకు విసుగు పుట్టించిన ఆ చర్చలే నిజానికి 1961 నాటి ఈ నవలకు ప్రాణం. గ్రహాన్ని కప్పి ఉన్న సముద్రం మొత్తం ఒకే జీవి కాగా, తరతరాల శాస్త్రజ్ఞులు దానికి సిద్ధాంతాలు కట్టి, పేర్లు పెట్టి, గ్రంథాలయాలు నింపినా అది ఏమనుకుంటున్నదో, అసలు ఏమైనా అనుకుంటున్నదో లేదో తేల్చుకోలేకపోతారు.

ఒక్క సన్నివేశం మళ్లీ చదవండి. ఆ గ్రహం మీది పరిశోధన కేంద్రానికి వచ్చిన శాస్త్రజ్ఞుడు కెల్విన్ దగ్గరికి, ఎప్పుడో సూదిమందు ఎక్కించుకొని ఆత్మహత్య చేసుకున్న అతని భార్య హేరీ తిరిగి వస్తుంది. ఆమె గౌను విప్పబోతే దానికి తెరుచుకునే చోటు ఎక్కడా ఉండదు. ముందున్న గుండీలు ఉత్త అలంకారమే కావడంతో బట్టను కత్తిరించవలసి వస్తుంది. అతని జ్ఞాపకంలోంచి ఆమెను అచ్చుపోసిన సముద్రానికి ఆమె చేతి మీది సూది గుచ్చిన మచ్చ దొరికింది కానీ, గౌను దేనికో, దాన్ని ఎలా తొడుక్కుంటారో తెలియలేదు. ఆ సముద్రం మనిషికి ఎంత దూరమో చెప్పడానికి లెమ్ ఉపన్యాసం ఇవ్వలేదు, గౌను చూపించి ఊరుకున్నారు.

ప్రశ్న: వైద్యం చదివిన మనిషి ఈ దారిలోకి ఎలా వచ్చారు? ఆయన జీవితం గురించి చెప్పండి.

జవాబు: లెమ్ 1921లో, అప్పట్లో పోలండ్‌లో ఉండి ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వీవ్‌గా పిలిచే ల్వూఫ్ నగరంలో, యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి గొంతు, చెవి వ్యాధుల వైద్యుడు. 1941లో నగరం జర్మన్ల చేతికి చిక్కినప్పుడు లెమ్ దొంగ కాగితాలతో అసలు గుర్తింపు దాచుకొని, ఒక జర్మన్ సంస్థలో మెకానిక్‌గా, వెల్డర్‌గా పనిచేస్తూ ప్రాణం కాపాడుకున్నారు. తల్లిదండ్రులు బతికి బయటపడ్డారు కానీ బంధువుల్లో చాలామంది హతులయ్యారు. యుద్ధం తరువాత కుటుంబం క్రాకూఫ్‌కు చేరింది. అక్కడ వైద్య విద్య కొనసాగించినా, పట్టా తీసుకుంటే సైన్యంలో వైద్యుడిగా వెళ్లవలసి వస్తుందని ఆయన చివరి పరీక్షలు కావాలనే రాయలేదు.

తాను బతకడం కేవలం కాకతాళీయమని ఆయన తరువాత రాసుకున్నారు. ఆయన నవలల్లో మనిషి తెలివి మీద కనిపించే అపనమ్మకానికి వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1968 నాటి ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ నవలలో, ఆకాశం నుంచి వచ్చిన సంకేతాన్ని చదవలేక తలలు బద్దలు కొట్టుకునే శాస్త్రజ్ఞుల్లో ఒకరు, యుద్ధకాలంలో ఒక పెరట్లో మనుషులను కాల్చి చంపుతుంటే తన వంతు కోసం ఎదురుచూసిన సంగతి చెబుతారు. అందులో రచయిత స్వానుభవం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు.

ప్రశ్న: కృత్రిమ మేధను లెమ్ అరవై ఏళ్ల క్రితమే ఊహించారని అంటున్నారు. ఇందులో అతిశయోక్తి ఎంత?

జవాబు: కొంత ఉంది, కానీ తక్కువే. 1964లో వచ్చిన ‘సుమ్మా టెక్నోలోజియే’ అనే వ్యాస గ్రంథంలో, నాడులకు నేరుగా అనుభూతులు అందించి కృత్రిమ లోకాన్ని సృష్టించే పరిజ్ఞానాన్ని ఆయన వివరంగా చర్చించారు. ఆ యంత్రాన్ని ఎలా కట్టాలన్న దానికన్నా, అందులోంచి బయటికి వచ్చానని మనిషి ఎలా రుజువు చేసుకోగలడన్నదే ఆయనకు ముఖ్యం. ‘సైబీరియాడ్’ కథల్లో ఒకటి ఇంకా సరదాగా ఉంటుంది: కవిత్వం రాసే యంత్రాన్ని కట్టబోయిన ట్రుర్ల్ అనే యంత్రాల తయారీదారు, కవి బుర్రలోని ప్రోగ్రామును రాసింది అతని నాగరికతేనని, ఆ నాగరికతకు ముందు మరొకటి ఉందని గ్రహించి, విశ్వం పుట్టుక నుంచి అన్నిటినీ యంత్రంలో నడిపించవలసి వస్తుంది. ఇంతా చేస్తే ఆ యంత్రం కవులకు ఎసరు పెడుతుంది.

ప్రశ్న: ఒక అమెరికన్ రచయిత ఆయన మీద ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేశారట కదా?

జవాబు: చేశారు. 1974లో ఫిలిప్ కె. డిక్, లెమ్ ఒక వ్యక్తి కాదని, ఆ పేరు వెనుక ఒక కమిటీ ఉందని ఉత్తరం రాశారు. విచిత్రమేమిటంటే, అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌ను చెత్తగా కొట్టిపారేసిన లెమ్ మినహాయించి మెచ్చుకున్నది ఆ డిక్‌నే. ఆ విమర్శల దుమారంలోనే, 1973లో అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఇచ్చిన గౌరవ సభ్యత్వం 1976లో రద్దయింది. దానికి నిరసనగా అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్, ఆ సంఘం ఇచ్చే నెబ్యులా పురస్కారం తనకు రావలసి ఉండగా వద్దన్నారు.

ప్రశ్న: 2006లో మరణించిన ఆయనను ఇప్పుడు ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? కొత్తగా చదివేవారు దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: 2013లో కక్ష్యలోకి వెళ్లిన పోలండ్ పరిశోధక ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టారు. ఆయన శతజయంతి అయిన 2021ని పోలండ్ పార్లమెంటు లెమ్ సంవత్సరంగా ప్రకటించింది. చదవడానికైతే ‘సైబీరియాడ్’తో మొదలుపెట్టి, తరువాత ‘సొలారిస్’కు రండి, ఇంగ్లీషులో చదివేవారు, ఫ్రెంచి మీదుగా వచ్చిన 1970 నాటి అనువాదం కన్నా పోలిష్ నుంచి నేరుగా 2011లో వచ్చినదాన్ని ఎంచుకోవడం మేలు. 1951లో వచ్చిన ‘ఆస్ట్రొనాట్స్’ నవలను రచయితే తరువాత చిన్నచూపు చూశారు గనుక, దాన్ని వదిలేసినా నష్టం లేదు.