వీరులకు పగ్గాలు ఎప్పుడు, ఎంత?

చిరంజీవికి,

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కోసం, అంటే ఒక్కో ప్లేయర్ ఒక్కో వీరుడి పాత్ర పోషిస్తూ నువ్వు చెప్పే లోకంలో మాటలతో ఆడే ఆట కోసం, నువ్వు రాసిన క్యాంపెయిన్ (చాలా రోజులు సాగే పెద్ద కథ) రాతప్రతి ఆసాంతం చదివాను. రాజ్యం బాగుంది, శత్రువు ఇంకా బాగున్నాడు. అయితే ఒకటో లెవెల్లో, అంటే వీరుల శక్తి పెరిగే మెట్లలో మొదటిదానిలో, రాజుగారు చెప్పిన పని చేసిన వీరులు, పదో లెవెల్‌కి వచ్చాక కూడా ఆయన ఆజ్ఞ కోసమే సభలో నిలబడుతున్నారు. అక్కడే నాకు బాధ కలిగింది.

అలాగని మొదటి రోజే "మీ ఇష్టం, ఎటైనా వెళ్లండి" అనకు. ప్లేయర్లకు అప్పటికి నీ లోకం గురించి ఏమీ తెలియదు. తెలియనప్పుడు దేన్నని ఎంచుకుంటారు? సత్రంలో కూర్చుని తర్జనభర్జన పడటంతోనే సెషన్, అంటే ఆ పూట ఆట, అయిపోతుంది. మొదటి మూడు నాలుగు సెషన్లూ పని నువ్వే చెప్పు, దాన్ని ఎలా చేయాలన్నది మాత్రం వాళ్లకు వదిలెయ్. దొంగల కోట ఉందనుకో. కాపలావాళ్లు ఎంతమంది, ఎప్పుడు మారతారు, నాయకుడి మీద కోపం ఎవరికుంది, ఇవి రాసుకో. లోపలికి ఎలా వెళ్తారో నువ్వు రాయొద్దు. దాడి, దొంగచాటు, బేరం, ఏ దారి పట్టినా పని జరిగే వీలుండాలి.

తర్వాత ఒకేసారి మూడు పనులు ముందు పెట్టు. రెండైతే ఇరుకు, అయిదైతే గందరగోళం. వాళ్లు వదిలేసిన పనులు వాళ్ల కోసం ఆగి ఉండకూడదు. ఎవరూ పట్టించుకోకపోతే వారం తర్వాత ఏమవుతుందో ఒక్కో దానికి ఒక వాక్యం రాసిపెట్టుకో. ఊరిని పట్టిన జబ్బు పక్క ఊరికి పాకనీ, తప్పిపోయిన వర్తకుడు శత్రువు చేతికి చిక్కనీ. ఇంకో మాట: ఏ దారిన వెళ్లినా అదే రాక్షసుణ్ణి ఎదురుపెట్టకు. రెండు మూడుసార్లయ్యేసరికి పట్టేస్తారు. ఇక నువ్వు ఏ ఎంపిక ఇచ్చినా నమ్మరు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ఆడిస్తున్నావు కదా, ఆ నియమాలే నీకు మెట్లు చూపిస్తాయి. అయిదో లెవెల్లో మంత్రగాడికి ఎగిరే మంత్రం అందుతుంది, పదమూడో లెవెల్లో క్షణంలో దూరదేశం చేరే టెలిపోర్ట్. అంటే ముందు గోడలు, తర్వాత దూరాలు అడ్డం కాకుండా పోతాయి. చాలామంది కొత్తవాళ్లు కంగారుపడి ఇలాంటి మంత్రాలు పనిచేయని కోటలు కడతారు. ఆ పని చేయకు. కష్టపడి సంపాదించుకున్న శక్తిని లాక్కున్నట్టే అది. 1974 నాటి మొదటి నియమాల్లోనే లార్డ్ అనే పై స్థాయికి ఎదిగిన యోధుడు కోట కట్టుకుని చుట్టుపక్కల ప్రజల నుంచి పన్ను వసూలు చేసుకోవచ్చు. వీరుడు ఏలేవాడు కావడం ఈ ఆటలో మొదటి నుంచీ ఉన్నదే.

కాబట్టి అయిదారు లెవెల్స్ దాటాక కథ రాయడం ఆపు. మూడు నాలుగు వర్గాలను రాసుకో: ఎవరికి ఏం కావాలి, చేతిలో ఏముంది, వీరులు అడ్డురాకపోతే తర్వాతి అడుగు ఏమిటి. సెషన్ ముగిసేముందు "వచ్చేసారి ఏం చేస్తారు?" అని అడిగి స్పష్టమైన జవాబు తీసుకో. ఆ మేరకే సిద్ధమైతే చాలు, నీ శ్రమ సగం తగ్గుతుంది.

ఈ దశలో తరచూ వచ్చే చిక్కు, గొంతు పెద్దదున్న ఒక్కరే అందరి తరఫునా నిర్ణయించేయడం. ప్రతి ప్లేయర్‌తోనూ తన వీరుడి కోరిక ఒకటి రాయించు. దాన్ని ఏదో ఒక వర్గానికి ముడిపెట్టు. మౌనంగా ఉండేవాళ్లను పాత్ర పేరుతో పిలిచి అడుగు. అందరూ తోచక ఆగిపోతే ఆజ్ఞ పంపకు. గడువున్న కష్టమొకటి గుమ్మంలోకి తీసుకురా.

వాళ్లకు కోట ఇస్తే, లెక్కలూ మరమ్మతులూ సెషన్ మొదట్లో పావుగంటలో తేల్చెయ్. అంతకు మించితే విసుగొస్తుంది. వాళ్లు ఊరు దాటగానే దాన్ని తగలబెట్టించకు. ఒక్కసారి అలా జరిగితే ఆ ప్లేయర్లు మళ్లీ దేన్నీ తమదనుకోరు, ఏ ఊరి మీదా మమకారం పెంచుకోరు. ముట్టడి జరగాల్సిందే అనుకుంటే ముందే వేగు పంపు, తిరిగొచ్చి కాపాడుకునే సమయం ఇవ్వు.

ఇప్పటికి ఆరో సెషన్ ఒక్కటే తిరగరాయి. రాజుగారి ఆజ్ఞ కొట్టేసి, ఆయన చేతే వీరులను సలహా అడిగించు. వాళ్లు ఏం చెప్పినా దాని ఫలితం ఏడో సెషన్‌లో కనిపించాలి. రాశాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.