ఇంటర్వ్యూ పత్రం నేర్చుకుంటే మానసిక వ్యాధిని నిర్ధారించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. మానసిక రుగ్మతలను గుర్తించే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూల్లో రెండు వారాల ఆన్‌లైన్ శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తామన్న ప్రకటన చూసి చేరతానంటోంది. అది ఉంటే రోగ నిర్ధారణ చేసే ఉద్యోగం దొరుకుతుందా? లేక పీజీలో చేర్పించడం మంచిదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పీజీలోనే చేర్పించండి. ఆ సర్టిఫికెట్‌తో ఎవరికీ వ్యాధి నిర్ధారణ చేసే అర్హత రాదు. అయితే మీ అమ్మాయికి ఆసక్తి కలిగిన విషయం చాలా విలువైనది. డిగ్రీ దశలోనే దాని మీద దృష్టి పడటం నాకు సంతోషం కలిగించింది కనుక, ఆ ఇంటర్వ్యూలు ఏమిటో, వాటితో ఎవరు ఏ పని చేయగలరో కొంత వివరంగా చెబుతాను.

మధుమేహానికి రక్తపరీక్ష ఉన్నట్టు డిప్రెషన్‌కో, లేని గొంతులు వినిపించడం వంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియాకో ప్రయోగశాల పరీక్ష లేదు. రోగి చెప్పే మాట, కుటుంబం చెప్పే మాట, డాక్టరు కంటికి కనిపించే ప్రవర్తన, వీటి ఆధారంగానే నిర్ధారణ జరుగుతుంది. అందువల్ల ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూస్తే రెండు వేర్వేరు జబ్బుల పేర్లు చెప్పే అవకాశం ఉండేది. 1960లలో న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా అనే నిర్ధారణ లండన్‌లో కంటే చాలా ఎక్కువగా కనిపించింది. రెండు నగరాల రోగులనూ ఒకే విధమైన ఇంటర్వ్యూతో, ఒకే ప్రమాణాలతో పరిశీలించినప్పుడు ఆ తేడా చాలావరకు మాయమైంది. అంటే తేడా ప్రధానంగా రోగుల్లో కాక, డాక్టర్లు పేరు పెట్టే పద్ధతిలో ఉందన్నమాట. 1972లో పుస్తకంగా వచ్చిన ఈ అధ్యయనం, ఏ ప్రశ్న అడగాలి, ఏ క్రమంలో అడగాలి, ఏ జవాబును లక్షణంగా లెక్కించాలి అన్నవి ముందే నిర్ణయించుకోవడం ఎంత అవసరమో చూపింది.

ఇలా ప్రశ్నలు ముందే రాసి పెట్టుకుని అడిగేవే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలు. వాటిలో ఎక్కువగా వినబడే పేర్లు మూడు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాలను అనుసరించి రాబర్ట్ స్పిట్జర్ బృందం రూపొందించిన ఎస్‌సీఐడీ సాధారణంగా గంట, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. దీన్ని వైద్యపరమైన శిక్షణ ఉన్నవారే చేయాలి, ఎందుకంటే రాసి ఉన్న ప్రశ్న అడిగాక సొంత మాటల్లో గుచ్చి గుచ్చి అడిగి, విన్నదాన్ని తామే తూచి నిర్ణయించాలి. 1998లో వెలువడిన ఎంఐఎన్‌ఐ చాలా చిన్నది, ప్రధానంగా అవును, కాదు అనే జవాబులతో సుమారు పావుగంటలో పూర్తవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీఐడీఐ పూర్తిగా రాసి పెట్టిన ప్రశ్నలతో నడుస్తుంది కాబట్టి, శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తలు కూడా సర్వేల్లో దాన్ని ఉపయోగిస్తారు. ప్రకటనలో ఏ ఇంటర్వ్యూ గురించి చెప్పారో చూడండి. అది ఎస్‌సీఐడీ అయితే, రోగులను చూసిన అనుభవం లేని విద్యార్థికి రెండు వారాల్లో నేర్పగలిగేది ఆ పత్రాన్ని చదవడం వరకే.

ఎందుకంటే కష్టమంతా రోగి చెప్పిన ‘అవును’ను అర్థం చేసుకోవడంలో ఉంది. ‘ఇతరులకు వినపడని మాటలు మీకు వినపడుతున్నాయా?’ అని అడిగితే, రోజూ పూజలో అమ్మవారు తనతో మాట్లాడుతుందని నమ్మే ఒక పెద్దావిడ అవునని చెబుతుంది. ఆమె తన కులంలో, ఊరిలో అందరికీ తెలిసిన భక్తి అనుభవాన్ని చెబుతోందా, లేక తనను తిట్టే, బెదిరించే గొంతులతో నిద్రాహారాలు మాని బాధపడుతోందా అన్నది పత్రంలోని గడి చెప్పదు. డిప్రెషన్ సంగతీ అంతే. తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు దాదాపు రోజంతా ఉండాలని, వాటిలో దిగులు గానీ దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పక ఉండాలని ప్రమాణం చెబుతుంది. కానీ నీరసం, నిద్ర, ఆకలి మార్పులు థైరాయిడ్ లోపం వల్ల రావచ్చు, మద్యం వల్ల రావచ్చు, రాత్రి డ్యూటీల వల్లా రావచ్చు. మన దగ్గర చాలామంది దిగులును దిగులని చెప్పరు. తల బరువు, ఒళ్ళంతా మంటలు, గుండె దడ అంటారు. ఆత్మహత్య ఆలోచనల గురించి తడబడకుండా అడగడం, వచ్చిన జవాబు విని వెంటనే ఏం చేయాలో తెలిసి ఉండడం ఇంకా పెద్ద బాధ్యత. ఇవన్నీ పర్యవేక్షకుల సమక్షంలో, వార్డులో, ఓపీలో ఏళ్ల తరబడి కూర్చుంటేనే అబ్బుతాయి.

అలాగని ఇంటర్వ్యూ పనిలో ఉద్యోగాలు లేవనుకోవద్దు, ఉన్నవి పరిశోధనల్లో ఉన్నాయి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నేతృత్వంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, శిక్షణ పొందిన క్షేత్ర సిబ్బంది 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లి ఎంఐఎన్‌ఐతోనే పెద్దలను ప్రశ్నించారు. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందన్న అంచనా అలా వచ్చినదే. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. తెలుగులో ఈ ప్రశ్నలను సరిగా అడగగలిగినవారి అవసరం మన దగ్గర ఎంత ఉందో దీన్ని బట్టి మీరే గ్రహించవచ్చు. పీజీ తరువాత ఇటువంటి ప్రాజెక్టుల్లో రిసెర్చ్ అసిస్టెంట్‌గా చేరితే, ఇంటర్వ్యూ శిక్షణను ఆ ప్రాజెక్టే ఇస్తుంది, జీతమూ ఇస్తుంది. డబ్బు కట్టి ముందే కొనుక్కోవలసిన అవసరం లేదు.

నిర్ధారణ చేసే స్థానానికే వెళ్లాలంటే దారి వేరు. ఎంబీబీఎస్, ఆపైన ఎండీ సైకియాట్రీ ఒకటి. డిగ్రీ పూర్తవుతున్న మీ అమ్మాయికి రెండోదైన క్లినికల్ సైకాలజీయే ఆచరణకు దగ్గరగా ఉంది. ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ తరువాత, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న సంస్థలో రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ చేసి, ఆర్‌సీఐలో నమోదు కావడం ఇన్నాళ్ల పద్ధతి. మందులు రాసే అధికారం మాత్రం ఈ మార్గంలో ఉండదు. 2022 నాటి యూజీసీ నిబంధనలు ఎంఫిల్‌ను ఆపివేయగా, క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు మాత్రం కొంత గడువు పొడిగించారు, మరోవైపు ఆర్‌సీఐ కొత్త కోర్సులను తెస్తోంది. కాబట్టి ఏ పీజీలో చేరినా, ఆ సమయానికి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఉన్న కోర్సుల, సంస్థల జాబితాను మీరే చూసుకోవాలి. కాలేజీ కరపత్రంలో ‘గుర్తింపు ఉంది’ అని రాసినంత మాత్రాన నమ్మకండి. దూరవిద్యలో సైకాలజీ పీజీ చేసేముందు, అది ఆ తరువాతి క్లినికల్ కోర్సు ప్రవేశానికి చెల్లుతుందో లేదో ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగండి.

ఈ వేసవిలో ఆమె చేయదగిన పని ఒకటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో గానీ, మీకు దగ్గరలో సైకియాట్రీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీలో గానీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ అనుమతి ఉందేమో మీ కాలేజీ శాఖాధిపతి లేఖతో అడిగి చూడమనండి. అనుమతి దొరికితే సీనియర్లు ఒక్కొక్క రోగిని ఎలా పలకరిస్తున్నారో, ఏ జవాబు దగ్గర ఆగి మళ్లీ అడుగుతున్నారో గమనించమనండి. రోగుల వివరాలను ఇంట్లో కూడా చెప్పకూడదన్న నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించాలి, కనుక ఆమె సాయంత్రం ఇంటికి వచ్చాక దయచేసి మీరు కూడా ఆ వివరాలు అడగకండి.