కాలేజీకి 6 వేలు, లోన్ మాత్రం 30 వేలా?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒకాయన రాశారు. తను హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), భార్య హెచ్‌4 (దాని మీద వచ్చే డిపెండెంట్ వీసా), మూడేళ్ల పాప. ఆవిడ గుంటూరులో బీకాం చేసింది, ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) చేస్తానంటోంది. నెల ఖర్చు ఐదున్నర వేల డాలర్లు, బ్యాంకులో ఉన్నది 7 వేలు. కాలేజీ కోసం 401కె (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా) నుంచి 30 వేలు లోన్ తీసుకుందాం అనుకుంటున్నా, వడ్డీ కూడా నాకు నేనే కట్టుకుంటా కదా, తప్పేముంది అని అడిగారు.

ఇలాంటి మెయిల్స్ నాకు తరచూ వస్తాయి, అందుకే దీనికి ఇక్కడే జవాబిస్తున్నా.

ముందు మీరు పంపిన లెక్కే చూద్దాం. 60 క్రెడిట్లకి ఫీజు, బుక్స్ కలిపి 6 వేలు. పాత కారుకి 16 వేలు. డేకేర్‌కి 8 వేలు. మరి దీన్ని కాలేజీ లోన్ అంటారేంటండీ బాబూ, ఇది కారు లోన్, పైన కాలేజీ అని స్టిక్కర్ అంటించారు అంతే. పైగా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డబ్బు ముందే ఎవరూ అడగరు, ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటే అంతకే. ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) వాళ్లలాగా ఫుల్‌టైమ్ చదవాలన్న రూలు హెచ్‌4కి లేదు, ఆవిడ రెండు క్లాసులే తీసుకోవచ్చు. మీ లెక్కలోనే ఆ రెండు క్లాసుల 6 క్రెడిట్లు అంటే 600 డాలర్లు. నెలకి 150 పక్కన పెడితే నాలుగు నెలల్లో వచ్చేస్తుంది, దానికి 401కె దాకా పోవాలా?

కారు, డేకేర్ కూడా అంతే. సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటా అని మీరే రాశారు. ఒక ఈవెనింగ్ క్లాసు, ఒక ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటే ఆవిడ మీ కారులోనే వెళ్లొస్తుంది, ఆ మూడు గంటలు పాపకి మీరు అన్నం పెట్టి పడుకోబెట్టండి. 24 వేలు మిగిలాయి.

ఇక "నాకు నేనే వడ్డీ కట్టుకుంటా" అనే మాట. ఉద్యోగం ఉన్నంత వరకే అది నిజం. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన లోన్ మొత్తాన్ని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు, ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే అక్టోబర్ లోపు, కట్టేయాలి. లేదంటే ఆ డబ్బు మీరు తీసేసుకున్నట్టే లెక్క. లోన్‌లో ఇంకా 24 వేలు కట్టాల్సి ఉందనుకోండి, 22 శాతం బ్రాకెట్లో 5,280 ట్యాక్స్, 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ 2,400, మొత్తం 7,680. అంటే బ్యాంకులో ఉన్న 7 వేలూ దానికే చాలవు.

హెచ్‌1బీ వాళ్లకి ఉద్యోగం పోతే ఇక్కడ ఉండాలా, ఇంటికెళ్లాలా తేల్చుకోవడానికి మహా అయితే 60 రోజులే టైమ్. నా దగ్గరికి వచ్చిన ఒక జంట మెయిల్ అంతా చదువుతుంటే నాకే చేతులు చల్లబడ్డాయి, లీజ్ బ్రేక్ చేసినందుకు రెండు నెలల రెంట్, ముగ్గురికి హైదరాబాద్‌కి వన్‌వే టికెట్లు, సామాను షిప్పింగ్, కారు అయినకాడికి అమ్మేయడం, హెల్త్ ఇన్సూరెన్స్ పోయిన వారానికే పిల్లాడికి జ్వరం, అన్నీ క్రెడిట్ కార్డు మీదే. అందుకే వీసా మీద ఉన్న వాళ్లకి ఎమర్జెన్సీ ఫండ్ అంటే మూడు నెలల కిరాణా ఖర్చు కాదు, ఇంకో ఉద్యోగం వెతుక్కునే డబ్బు ప్లస్ ఇంటికి తిరిగెళ్లే డబ్బు. మీకు ఆరు నెలలకి 33 వేలు. ఉన్నది 7. అది కనీసం 20 అయ్యేదాకా కారు మాట ఎత్తకండి, 401కెలో కూడా కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి కంపెనీ కలిపేది) వరకే వేసి మిగతాది సేవింగ్స్‌లోకి మళ్లించండి.

ఇంకో మాట. ఆవిడకి వర్క్ పర్మిట్ రావాలంటే మామూలుగా మీ ఐ-140 (గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అవ్వాలి, దానికి ముందు మెట్టు అయిన పెర్మ్ ఇప్పుడే ఫైల్ చేశారంటున్నారు. అంటే డిగ్రీ రెండేళ్లలో పరిగెత్తి పూర్తి చేసినా జీతం వెంటనే రాదు, ఆ రాని జీతాన్ని నమ్ముకుని అప్పు చేయడం నాకస్సలు నచ్చలేదు. నిదానంగా మూడున్నరేళ్లు చదివినా పోయేదేం లేదు.

డిగ్రీ ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. అప్లైడ్ సైన్స్ అసోసియేట్ నేరుగా ఉద్యోగానికి పోయేది, తర్వాత బ్యాచిలర్స్‌కి వెళ్తే అందులో చాలా క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవ్వవు. ముందు టెక్సస్ కోర్ క్లాసులు (ఏ డిగ్రీకైనా కావాల్సిన ఇంగ్లిష్, మ్యాథ్స్ లాంటివి) తీసుకుంటే ఆ 42 క్రెడిట్లు ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, ఈలోపు మనసు మారినా నష్టం లేదు. బీకాం ఇక్కడి లెక్కలో దేనికి సమానమో ఎవాల్యుయేషన్ చేయించి కాలేజీ అడ్వైజర్‌కి చూపించండి, కొన్ని క్లాసులు తగ్గొచ్చు. హెచ్‌4 వాళ్లకి ఫెడరల్ ఎయిడ్ (చదువుకి ప్రభుత్వ సాయం) రాదు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే ట్యాక్స్ తగ్గింపు మాత్రం ఫీజులో 20 శాతం దాకా రావచ్చు, జాయింట్ ఇన్‌కమ్ 1,60,000 దాటితే తగ్గుతూ పోయి 1,80,000 దగ్గర ఆగిపోతుంది. అన్నట్టు ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది, అడ్రస్ ఏ కౌంటీదో చూసుకోండి, ఫీజు దాన్ని బట్టే.

లోన్ ఫారం ఇంకా సబ్మిట్ నొక్కకపోతే వదిలేయండి. నొక్కేసుంటే ఆ డబ్బు ముట్టుకోకుండా, ముందుగా తిరిగి కట్టేయొచ్చా అని సోమవారమే ప్లాన్ వాళ్లకి ఫోన్ చేయండి.