జేడ్ బొమ్మ పాతదేనా?

ప్రశ్న: హాంకాంగ్‌లో ఒక వ్యాపారి జేడ్ అనే విలువైన రాయితో చెక్కిన చిన్న గుర్రాన్ని చైనా చక్రవర్తి చియాన్‌లాంగ్ కాలం నాటిదంటున్నారు. అడుగున ముద్ర ఉంది. కొనవచ్చా?

జవాబు: ముద్రను నమ్మి కొనకండి. ఆ చక్రవర్తి (1736–1795) ముద్రను తర్వాతివాళ్లూ చెక్కారు. ముందు రాయి సంగతి తేల్చుకోండి. బొమ్మను తూచి, దారంతో నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచండి. 155 గ్రాములది నీళ్లలో 103 తూగితే, తగ్గిన 52తో 155ను భాగించండి: 2.98. నెఫ్రైట్ అనే రకం జేడ్‌కు 2.9–3.1 రావాలి, 2.6 దగ్గర ఆగితే జేడ్‌లా కనిపించే మెత్తటి రాయి సర్పెంటైన్ అని అనుమానించండి. పీఠం అతికించి ఉంటే ఈ లెక్క కుదరదు.

రాయి నిజమైనా పనితనం నిన్నటిది కావచ్చు, అసలు చిక్కు ఇదే. పదింతలు చూపే భూతద్దంతో గాడుల లోపల పనిముట్ల గుర్తులు వెతకండి. పాతకాలంలో తిరిగే చక్రానికి గరుకు ఇసుక పెట్టి అరగదీసేవారు. ఇప్పటి వజ్రపు మొనల యంత్రం సాధారణంగా పదునైన, సమాంతరమైన గీతలు వదులుతుంది; అవి కనిపిస్తే కొత్త పని అని అనుమానించండి. గోధుమరంగు గాడుల్లోనే పేరుకుని ఉంటే రంగు పట్టించారేమో చూడండి. పాత రసీదులు తప్పక అడగండి.