పొడుగు కుర్రాడి వేగం గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూల్ కుర్రాడి మీద నీ వ్యాసం చదివాను. కుర్రాడి ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు, బరువు 205 పౌండ్లు, 40 గజాల పరుగు 4.45 సెకన్లు అని రాశావు. ఆ 4.45 ఎవరు తీశారు, దేంతో తీశారు? హైస్కూల్ ఫుట్‌బాల్ గురించి రాసేవాడు ముందు అడగాల్సిన ప్రశ్న అదే. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి, కుర్రాడు కదిలాక గానీ బటన్ నొక్కలేడు. గీత దగ్గర మాత్రం కుర్రాడు వస్తూ కనిపిస్తాడు కనుక ఆలస్యం కాదు. అలా దాదాపు 0.2 సెకను కరిగిపోతుంది. చేత్తో తీసిన 4.45 లేజర్ టైమర్‌తో తీస్తే 4.65 అయినా ఆశ్చర్యపోకు. ఎత్తు కూడా అంతే, బూట్లు విప్పించి కొలిచారా అని అడుగు.

ట్రాక్ ఫలితాలు దొరికితే వదలకు. ఆటోమేటిక్ టైమింగ్ అయితే సెకన్లు రెండు దశాంశాలతో ఉంటాయి. వెనక నుంచి గాలి సెకనుకు 2 మీటర్లు దాటిందేమో చూడు, దాటితే ఆ 100 మీటర్ల టైముకు విలువ తక్కువ. రిలేలో అతని వంతుకు పట్టిన టైము (స్ప్లిట్) అసలు రాయొద్దు, బ్యాటన్ అందుకునేటప్పటికే అతను పరుగులో ఉంటాడు. పొడుగువాళ్ల విషయంలో నాకు ఎక్కువ నమ్మకం 110 మీటర్ల హర్డిల్స్ మీద. 39 అంగుళాల హర్డిల్స్ మధ్య మూడేసి అంగలతో లయ తప్పకుండా వెళ్లేవాడికి తుంటి కీళ్లు బాగా ఆడతాయి.

అవేవీ లేకపోతే వీడియో ఉంది. మైదానంలో ప్రతి 5 గజాలకూ గీత ఉంటుంది. కుర్రాడు పక్కకు తిరగకుండా నేరుగా పరుగెత్తిన 20 గజాలు ఎంచుకుని, నడుము మొదటి గీత దాటినప్పటి నుంచి చివరి గీత దాటేదాకా ఫ్రేములు లెక్కపెట్టు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 60 వచ్చాయంటే 2 సెకన్లు, అంటే గంటకు 20 మైళ్లకు కాస్త పైనే. ఒకట్రెండు ఫ్రేముల పొరపాటు తప్పదు కనుక మూడు పరుగులు కొలువు. హైలైట్ల వీడియోలో వేగం మార్చి ఉండొచ్చు, పూర్తి మ్యాచ్ అడుగు.

ఇంత చేసినా తెలిసేది సగమే. పొడుగు కాళ్లవాడు తొలి 10 గజాల్లో వెనకబడి, తర్వాత అంగ సాగాక అందుకుంటాడు. అసలు చిక్కు ఆగడంలో. క్రికెట్‌లో రెండో పరుగుకు తిరిగేటప్పుడు పొడుగు బ్యాటర్ ఎంత తడుముకుంటాడో చూశావు కదా? ఇక్కడా అంతే. పూర్తి వేగంలో ఉండి బంతి కోసం వెనక్కి తిరిగే రూట్లో, అంటే ముందే అనుకున్న పరుగు దారిలో, మూడు అంగల్లో ఆగాడా, ఆరు పట్టాయా? ఆగేటప్పుడు నడుము కిందికి దిగిందా, నిటారుగానే ఉండిపోయిందా? పొడుగు ఆటగాడు డీకే మెట్‌కాఫ్ 2019లో, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) కొత్తవాళ్లను పరీక్షించే కంబైన్‌లో, 40 గజాలు 4.33లో పరుగెత్తాడు, మలుపులుండే మూడు కోన్ల పరుగుకు మాత్రం 7.38 పట్టింది. అయినా రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని పట్టేవాడిగా, రాణించాడు. కాబట్టి ఒక్క అంకె చూసి ఎవరినీ కొట్టిపారేయకు.

పొజిషన్ దగ్గరికొస్తే, 17 ఏళ్ల ఒంటికి ఇంకా ఎంత బరువు పడుతుందో చూడాలి. భుజాల వెడల్పు, మణికట్టు, చేతుల పొడవు, తల్లిదండ్రుల ఒడ్డూపొడుగూ గమనించు. నడుము దిగే కుర్రాడిని మైదానం అంచు వైపు ఆడే బయటి రిసీవర్‌గా రాయి. ఆగడం కష్టమై భుజాలు విశాలంగా ఉంటే 240 పౌండ్ల టైట్ ఎండ్‌ని (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) ఊహించు. చేతులు బాగా పొడవైతే డిఫెన్సివ్ ఎండ్ (అంచు నుంచి ఎదుటి జట్టు మీదికి దూసుకెళ్లేవాడు) కూడా కావచ్చు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన జేజే వాట్ సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీలో టైట్ ఎండ్, విస్కాన్సిన్‌కి మారాక డిఫెన్సివ్ ఎండ్ అయ్యాడు. మరో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు లేన్ జాన్సన్ జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), ఓక్లహోమా యూనివర్సిటీలో చివరికి టాకిల్‌గా (క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగోడలా నిలిచేవాడిగా) తేలాడు. అందుకే 'ఇతను రిసీవరే' అని తేల్చేయకుండా, 'బరువు 230 దాటితే టైట్ ఎండ్' అని షరతుతో రాయి.

శుక్రవారం మ్యాచ్‌కి వెళ్తే బంతి అతని వైపు రాని ఆటలు చూడు. ఎదుటివాడి ఛాతీ మీద చేతులు పెట్టి చివరిదాకా అడ్డుకున్నాడా, రెండంగలు వేసి నిలబడిపోయాడా, లెక్క రాసి పంపు.

నీ అన్న